తెల్లపొణికి కూడా హార్డ్‌వుడ్డే: చెక్క నేలపై అపోహలు, వాస్తవాలు

అపోహ: హార్డ్‌వుడ్ అంటే గట్టి కర్ర.

ఇబ్రహీంపట్నం పక్కనే ఉన్న కొండపల్లిలో బొమ్మలు చేసే తెల్లపొణికి చిన్న ఉలికే లొంగిపోతుంది. అయినా వృక్షశాస్త్రం లెక్కలో అదీ హార్డ్‌వుడ్డే. పూలు పూసే వెడల్పాకు చెట్ల కలపంతా ఆ కోవలోకే వస్తుంది. కాబట్టి దుకాణంలో ‘హార్డ్‌వుడ్ అండీ’ అనగానే తలూపకండి, ఏ చెట్టుదో అడగండి. కర్రలోకి ఉక్కు గుండును సగం దాకా దించడానికి ఎంత బలం కావాలో చూసేది జంకా పరీక్ష. అందులో టేకు సుమారు 1,000 పౌండ్లు, రెడ్ ఓక్ 1,290. నొక్కులు పడకుండా ఉండడంలో మన టేకు కన్నా ఓక్‌దే పైచేయి.

అపోహ: టేకుకు చెదలు పట్టవు.

చేవకు పట్టడం అరుదు. దాని చుట్టూ ఉండే తెల్లచెక్కను మాత్రం తినేస్తాయి. లేత టేకులో ఆ తెల్లభాగమే ఎక్కువ. కట్టలు విప్పించి, అంచులు పాలిపోయిన పలకలను పక్కన పెట్టించండి.

అపోహ: కృష్ణా తీరపు ఎండకూ తేమకూ చెక్క నేల నిలవదు.

నిలుస్తుంది, తొందరపడకపోతే. మే వడగాలికి కర్ర కుంచించుకుపోతుంది, ముసురు పట్టాక ఉబ్బుతుంది. ఈ కదలికంతా పలక వెడల్పులోనే, పొడవులో దాదాపు ఉండదు. కొండపల్లి కళాకారులు పొణికిని సన్నని సెగ మీద ఆరబెట్టాకే చెక్కుతారు. ఇంటి నేలకూ ఆ ఓపిక కావాలి. పలకలను వేయబోయే గదిలోనే వారం పాటైనా ఉంచాలి. గోడ వెంబడి 10 మి.మీ. సందు వదిలి, పైన స్కర్టింగ్‌తో కప్పేయాలి. కింది సిమెంటు ఆరిందో లేదో చూడడం కష్టమేమీ కాదు: ప్లాస్టిక్ షీటును నాలుగువైపులా టేపుతో నేలకు అంటించి మర్నాడు తీయండి. అడుగున చెమ్మ కనిపిస్తే పని వాయిదా వేయాల్సిందే. అడ్డం, నిలువు పొరలు అతికించి చేసే ఇంజినీర్డ్ వుడ్‌లో ఈ కదలిక తక్కువ. ఈ ప్రాంతానికి నేనైతే దాన్నే ఎంచుకోమంటాను.

అపోహ: పాలిష్ వేస్తే నీళ్లకు భయం లేదు.

పాలిష్ కాపాడేది పైభాగాన్నే. నీళ్లు అతుకుల్లోంచి దిగుతాయి. బకెట్‌లో ముంచిన మాప్‌ను అలాగే పెట్టకండి, గట్టిగా పిండిన గుడ్డ చాలు. అంతకంటే ముందు ఊడవాలి. ఇబ్రహీంపట్నం బూడిద లారీలు తిరిగే ఊరు కదా, ఆ రేణువులు కాలి కింద గరుకు కాగితంలా పాలిష్‌ను గీరేస్తాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. అలాంటి వరదకు ఏ పాలిషూ ఆగదు. పల్లంలో ఉన్న ఇంటికి కింది అంతస్తులో టైల్సే వేయించుకోండి. చెక్క ముచ్చట మేడ మీది పడకగదిలో తీర్చుకోవచ్చు.

అపోహ: వుడెన్ ఫ్లోరింగ్ పేరుతో అమ్మేదంతా చెక్కే.

లామినేట్‌లో పైన కనిపించేది కర్ర ఫొటో, కింద ఉండేది చెక్క పీచు నొక్కి చేసిన బోర్డు. అరిగితే మార్చడమే తప్ప గరుకు కాగితంతో రుద్ది మళ్లీ పాలిష్ వేయడానికి వీలుండదు. 18 మి.మీ. అసలు కర్రనైతే చాలాసార్లు అలా రుద్ది పాలిష్ వేయవచ్చు. ఇంజినీర్డ్ వుడ్‌కు పైపొర 3, 4 మి.మీ. ఉంటే ఒకటి రెండుసార్లు, అర మిల్లీమీటరే ఉంటే అసలు కుదరదు. ఆ పైపొర మందాన్ని బిల్లు మీద రాయించుకోండి.