జర్మనీకి పోయిన అబ్బోడు

కావేరిపాక్కం, వాలాజా, గుడియాత్తం పక్క మన తెలుగోళ్ళ ఇళ్ళల్లో ఇప్పుడు ఒక మాట తరచుగా వినిపిస్తా ఉంది: "అబ్బోడు జర్మనీకి పోతాడంట." మగ్గాన్ని, మిల్లును నమ్ముకొని బతికినోళ్ళ పిల్లలు ఇంజనీరింగు ముగించి పైచదువుకు పోతా ఉండారు. సంతోషమే. అయితే అక్కడ వాళ్ళకు రోజు ఎట్లా గడుస్తుందో ఇక్కడ ఉండే మనకూ తెలియాల. మా కూతురి కొడుకు రెండేండ్లుగా ఆ దేశంలో కెమ్నిట్జ్ అనే ఊళ్ళో ఉండాడు. వాడు చెప్పింది, నేను విచారించి తెలుసుకున్నది రాస్తా ఉండాను.

కెమ్నిట్జ్ ఒకప్పుడు మనలాంటోళ్ళ ఊరే. నూలు మిల్లులు, మిల్లు యంత్రాలు చేసే ఫ్యాక్టరీలు నిండుగా ఉండేవి. 'సాక్సనీ మాంచెస్టర్' అని పిలిచేవాళ్ళు. ఇప్పుడు అక్కడి టెక్నికల్ యూనివర్సిటీలో మన దేశం పిల్లలు చాలామంది చదువుతా ఉండారు.

ముందు డబ్బు సంగతి. ఆ దేశంలో సర్కారు యూనివర్సిటీలు ఎక్కువచోట్ల చదువు ఫీజు అడగవు. ఆరు నెలలకొకసారి కొంత చందా కడితే చాలు. కానీ వీసా కావాలంటే ఒక ఏడాది ఖర్చు ముందే అక్కడి ఖాతాలో వెయ్యాల. 2024 సెప్టెంబరు నుంచి అది 11,904 యూరోలు. యూరో నూరు రూపాయలని లెక్కేస్తే సుమారు 12 లక్షలు. అంతా ఒకేసారి తీసుకోలేరు, నెలకు 992 యూరోలే చేతికొస్తాయి. గది బాడుగ, ఆరోగ్య ఇన్సూరెన్సు, తిండి అన్నీ అందులోనే. మా అల్లుడు ఇంటి పత్రం బ్యాంకులో పెట్టి ఈ డబ్బు తెచ్చినాడు.

మొదటి చలికాలం కష్టమే. మనకు రాత్రి తొమ్మిదైతే వాడికి సాయంత్రం నాలుగున్నర. డిసెంబరులో ఆ వేళకే చీకటి పడిపోతుంది. ఆదివారం అంగళ్ళు మూసేస్తారు, శనివారమే బియ్యం, పాలు కొనిపెట్టుకోవాల. ఇక్కడినుంచి తీసుకుపోయిన చింతపండు, కారంపొడితో నలుగురు పిల్లలు కలిసి రసం కాస్తారు.

నవ్వొచ్చే సంగతులూ ఉండాయి. తొలి పరీక్షలో 1.7 వచ్చిందని చెప్పినాడు. "ఒకటిన్నర మార్కేనా నాయనా?" అని వాళ్ళవ్వ దిగులు పడిపోయింది. అక్కడ 1 అంటే అన్నిటికన్నా మేలు, 4 దాటితే తప్పినట్టు! ఇంకొకసారి ఆ ఊరి పరిశ్రమల మ్యూజియంకు పోయి వీడియోలో పాత నూలు యంత్రాలు చూపించినాడు. "తాతా, ఇదేంది? అదేంది?" అని వాడు అడిగితే నేను ఇక్కడినుంచి ఒక్కొక్క భాగం పేరు చెప్పినాను. ఇంజనీరు చదివేవాడికి నేను పాఠం చెప్పిన రోజు అది.

తరువాతే చిక్కు వచ్చింది. చదువుకునే విదేశీ పిల్లలు ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 సగం రోజులు పని చేసుకోవచ్చు. 2025లో గంటకు తక్కువలో తక్కువ కూలి 12.82 యూరోలు. ఇంటి అప్పు వడ్డీ తానే కట్టాలని వీడు ఒక గోడౌనులో రాత్రి షిఫ్టుకు పోయినాడు. పెట్టెలు మోసి తెల్లారి వచ్చి క్లాసులో తూగినాడు. ఒక పరీక్ష తప్పినాడు. అక్కడ సాధారణంగా ఒక పరీక్షకు మూడుసార్లే అవకాశం. మూడోసారీ తప్పితే చదువే పోతుంది, వీసాకూ ముప్పు.

నెలరోజులు ఎవరికీ చెప్పలేదు. చివరికి అవ్వ దగ్గర నోరు విప్పినాడు. మా అల్లుడు కోప్పడలేదు. "వడ్డీ నేను చూసుకుంటాను. నువ్వు వారానికి రెండు రోజులు, పగటిపూటే పనికి పో" అన్నాడు. రెండోసారి రాసి 2.3 తెచ్చుకున్నాడు.

రాత్రి షిఫ్టు మనిషిని ఎట్లా పిండేస్తుందో మిల్లు కుటుంబాలకు ఇంకొకరు చెప్పనక్కర లేదు. కాబట్టి పిల్లల్ని పంపేవాళ్ళు మూడు పనులు చెయ్యండి. చదువు ముగిసేదాకా వాళ్ళనుంచి డబ్బు ఎదురుచూడొద్దు. చదువు అప్పులో మామూలుగా కోర్సు అయ్యి ఒక ఏడాది గడిచేదాకా కంతు మొదలుకాదు, వడ్డీ మాత్రం ఏరోజుకారోజు పెరుగుతుంది. అది ఎవరు, ఎట్లా కట్టాలో పంపకముందే ఇంట్లో కూర్చొని మాట్లాడుకోండి. ఫోన్ చేసినప్పుడు "తిన్నావా" అని అడిగినాక "నిద్రపోయినావా, పరీక్ష ఎట్లా రాసినావు" అని కూడా అడగండి. తప్పినానని చెప్తే అరవొద్దు. ఇంకో అవకాశం ఎప్పుడుందో కనుక్కోండి.