తొట్టిలోని కప్ప కూడా అమానతే

తొలకరి చినుకు పడగానే పల్నాటి పల్లెల్లో కప్పల బెకబెకలు మొదలవుతాయి. సాగర్ కుడికాలువ కింది పొలాలలో వాటి వెంట పరుగెత్తకుండా పెరిగినవారు మనలో అరుదు. నేటి పిల్లలు అక్వేరియం దుకాణంలో గాజుతొట్టిలో ఈదే చిన్న కప్పను చూసి ముచ్చటపడుతున్నారు, కొనిపెట్టమని అడుగుతున్నారు. కొనడానికి ముందే మనం ఆలోచించవలసినది కొంత ఉంది.

ప్రాణిని పెంచుకోవడం తప్పు కాదు. పెంపుడు పిట్ట చనిపోయి దిగులుగా ఉన్న బాలుడు అబూ ఉమైర్‌ను దైవప్రవక్త (స) ఆప్యాయంగా పలకరించారు. అయితే పిల్లిని బంధించి, తాను తిండి పెట్టక, అది తనంతట తాను వెతుక్కునేందుకు వదలక చంపిన స్త్రీ శిక్షకు గురైందని కూడా ఆయనే హెచ్చరించారు. మందు కోసం కప్పను చంపడాన్ని సైతం ఆయన వారించినట్లు అబూ దావూద్ హదీసు గ్రంథం తెలుపుతోంది.

పొలంలోని కప్పను పట్టి తేవడం తగదు. మన బావురుకప్ప వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షించే జీవి. తొట్టిలో పెంచేవి జీవితమంతా నీటిలోనే గడిపే ఆఫ్రికా జాతులు: వేలెడైనా ఉండని మరుగుజ్జు కప్ప, అంతకంటే చాలా పెద్దదైన గోళ్ల కప్ప.

వీటికి నాలుక ఉండదు. వాసన పట్టి, ముందుకాళ్లతో మేతను నోటిలోకి తోసుకుంటాయి. ఎర్రపురుగులు, డాఫ్నియా వీటికి ఇష్టమైన ఆహారం. చిన్నవాటికి రోజూ, పెద్దవాటికి రోజు విడిచి రోజు పెడితే చాలు. మిగిలిన మేతను తీసివేయాలి. లేకుంటే నీరు చెడుతుంది. చేపలతో కలిపి ఉంచితే, మరుగుజ్జు కప్ప మెల్లగా వెతుక్కునేలోపే అవి మేతను కాజేస్తాయి. మేత వేశామని మనం అనుకుంటూనే ఉంటాము, అది ఆకలితో చిక్కిపోతూ ఉంటుంది. అందుకే డ్రాపర్‌తో దాని ముందే మేత వదలాలి.

నీటిలో ఉన్నా ఇవి ఊపిరితిత్తులతోనే శ్వాసిస్తాయి. గాలి కోసం పైకి వస్తాయి. కనుక తొట్టిపై గాలి ఆడే మూత ఉండాలి, మూత కింద కొంత ఖాళీ ఉండాలి. కుళాయి నీటిలోని క్లోరిన్‌ను తొలగించాకే పోయాలి. మరుగుజ్జు కప్పకు దాదాపు 24 డిగ్రీల నీరు అనుకూలం. గోళ్ల కప్పకు అంతకన్నా చల్లని నీరు కావాలి. మనదేమో రెంటచింతల ఎండలకు పేరుపడ్డ సీమ. వేసవిలో తొట్టిని చల్లగా ఉంచలేని ఇంటివారు దానిని తేకపోవడమే దయ.

2009లో అమెరికాలో మరుగుజ్జు కప్పల నుంచి సాల్మొనెల్లా అనేకమంది పిల్లలకు సోకింది. తొట్టిని తాకిన ప్రతిసారీ పిల్లల చేత సబ్బుతో చేతులు కడిగించాలి. తొట్టిని వంటగదిలో కడగరాదు.

గోళ్ల కప్ప పదిహేనేళ్లకు పైగా బ్రతకగలదు. విసుగు పుట్టిందని దానిని కాలువలో వదలకూడదు. చిలీ, ఫ్రాన్స్ దేశాలలో అలా బయటపడిన ఈ జాతి స్థానిక జీవులకు ముప్పుగా మారింది.

ఇన్నేళ్ల బాధ్యతను మోయగలమా? ఇంటిల్లిపాది కూర్చుని ఈ ప్రశ్న వేసుకుందాం. మోయలేమనిపిస్తే, తొలకరినాడు పిల్లలను పొలంగట్టుకు తీసుకెళ్లి ఆ బెకబెకలు వినిపిద్దాం. అదీ అల్లాహ్ సృష్టిని ప్రేమించడమే.