డోన్ గనులు, ఎల్.ఎల్.ఎం. డిసర్టేషన్

ఎల్.ఎల్.ఎం.లో పరిశోధన ముఖ్యంగా రెండు దారుల్లో నడుస్తుంది. చట్టాలు, నియమాలు, తీర్పులు చదివి చట్టం ఏమంటోందో తేల్చేది డాక్ట్రినల్ పద్ధతి. ఆ చట్టం ఊళ్లో ఎలా నడుస్తోందో రికార్డులు తిరగేసి, జనాన్ని అడిగి తెలుసుకునేది నాన్ డాక్ట్రినల్ పద్ధతి. ఏడాది ఎల్.ఎల్.ఎం.లో పరిశోధనా పద్ధతులు తప్పనిసరి పేపరే. అయినా చాలామంది ప్రశ్న కుదరకముందే పద్ధతి ఖాయం చేసుకుంటారు. తిరకాసంతా అక్కడే.

నంద్యాల జిల్లా డోన్, బేతంచెర్ల ప్రాంతపు గనులనే తీసుకోవచ్చు. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టాన్ని 2015లో సవరించి, గనులున్న జిల్లాల్లో జిల్లా ఖనిజ ఫౌండేషన్ అనే ట్రస్టు పెట్టాలన్నారు. గనుల వల్ల నష్టపోయే ఊళ్ల మేలు కోసం లీజుదారు రాయల్టీ కాక ఈ నిధికీ కట్టాలి. సిమెంటుకు వెళ్లే సున్నపురాయి పెద్ద ఖనిజం కాబట్టి దానిమీద ఈ వాటాను కేంద్రమే నిర్ణయించింది: 2015 జనవరి 12కు ముందటి లీజులైతే రాయల్టీలో 30 శాతం, తర్వాతివైతే 10 శాతం. డోలమైటు, బలపం రాయి అదే ఏడాది ఫిబ్రవరిలో చిన్నతరహా ఖనిజాల్లో చేరాయి; వాటి లెక్క రాష్ట్రం చూసుకుంటుంది. ఈ తేడా సబబేనా, 'నష్టపోయిన వ్యక్తి' అంటే ఎవరు అన్నవి లైబ్రరీలో తేలే ప్రశ్నలు. వాటికి యాభైమంది చేత ఫారాలు నింపించి, రంగుల చార్టులు అతికిస్తే డిసర్టేషన్ లావెక్కుతుంది, అంతే. తాజా తీర్పు చూసుకోవడం అంతకంటే ముఖ్యం. రాయల్టీ పన్ను కాదని 2024 జులైలో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం చెప్పడంతో 1989 నాటి ఇండియా సిమెంట్స్ తీర్పు చెల్లకుండా పోయింది.

ఆ డబ్బు గని పక్క ఊరికి చేరిందా అన్నది వేరే ప్రశ్న. దానికి తీర్పులు ఎన్ని చదివినా జవాబు దొరకదు. నిధి జిల్లాలవారీగా ఉంటుంది. డోన్ 2022 ఏప్రిల్‌లో కర్నూలు జిల్లా నుంచి నంద్యాల జిల్లాకు మారింది. కాబట్టి పాత లెక్కలు ఒకచోట, కొత్తవి ఇంకోచోట వెతకాలి. ఊళ్లో అడిగే తీరూ ముఖ్యమే. "ఫౌండేషన్ గురించి తెలుసా?" అంటే మొహమాటానికి తెలుసనేస్తారు. "మీ వీధికి నీళ్ల ట్యాంకు ఎప్పుడొచ్చింది? ఎవరు కట్టించారు? దుమ్ముకు పైరు పోతే ఎవరికి చెప్పుకున్నారు?" అంటే విషయం బయటికొస్తుంది. మేస్త్రీ పక్కన కూర్చుంటే అదే మనిషి ఇంకోలా చెబుతాడు. అందుకే విడిగా కలవాలి, ఒప్పుకుంటేనే రాసుకోవాలి, పేర్లు దాచాలి.

తులనాత్మక పద్ధతికీ పని ఉంది, ప్రశ్న అడిగితేనే. దక్షిణాఫ్రికా 2002 చట్టం ప్రకారం సామాజిక, కార్మిక ప్రణాళిక ఇచ్చే బాధ్యత గని కంపెనీదే. ఇక్కడ ఖర్చు పెట్టేది ట్రస్టు. ఏది మేలన్నది ప్రశ్నయితే పోల్చాలి. లేకుంటే ఆ అధ్యాయం దండగ.

రెండు పద్ధతులూ కలిపేవారు కాలం చూసుకోవాలి. సమాచార హక్కు దరఖాస్తుకు జవాబివ్వడానికి గడువు 30 రోజులు. రాకపోతే అప్పీలుకు మరో నెల. ఏడాది కోర్సులో ఆ దరఖాస్తు మొదటి సెమిస్టర్‌లోనే పెట్టాలి.