వేగము – చలానా – బీమా

చలానా, జరిమానా, బీమా అను మూడు మాటలు ఉర్దూ ద్వారా తెలుగులోనికి వచ్చి మనవైపోయినవి. వీనిలో బీమా అను మాటకు మూలము పారసీక భాషలోని 'బీమ్' అనియు, దానికి భయము అని అర్థమనియు చెప్పుదురు. మనము నిత్యము తిరుగు తార్నాక పేరు కూడ అటువంటిదే. తార్ అనగా తీగ. నాకా అనగా రాకపోకలను తనిఖీ చేయు చోటు. ఒకప్పుడు ఇచ్చట తీగ కంచెతో కూడిన నాకా ఉండెడిదని పెద్దలు చెప్పుకొందురు. నేడు ఆ కంచె లేదు. దారిన పోవు బండ్లను గమనించు పనిని కెమెరాలు చేయుచున్నవి.

గత సంవత్సరము పరీక్షలు ముగిసిన దినములలో మా మిత్రుడొకడు తండ్రిగారి మోటారు సైకిలుపై రాత్రివేళ హబ్సిగూడ నుండి తార్నాక వైపు వచ్చుచుండెను. రోడ్డు ఖాళీగా కనిపించుటచే బండిని పరుగు తీయించెను. కొన్ని దినముల తరువాత తండ్రిగారి సెల్‌ఫోనుకు చలానా వచ్చినది. అందు బండి ఛాయాచిత్రము, నంబరు, వేగము, కట్టవలసిన సొమ్ము అన్నియు స్పష్టముగా ఉన్నవి. తండ్రిగారు కోపించలేదు. "జరిమానా నేను కడతాను బేటా. కాని వచ్చే నెలలో బండి బీమా కట్టాలి కదా, ఈ చలానా చూసి వాళ్లు ఎక్కువ అడుగుతారేమో?" అని మాత్రము అడిగిరి. మిత్రుని పెదనాన్నగారి కుమారుడు అమెరికాలో చదువుకొనుచున్నాడు. అక్కడ ఒక్క టికెట్టుతో తన కారు బీమా పెరిగినదని అతడు లోగడ ఇంటికి ఫోనులో చెప్పి ఉండెను. తండ్రిగారి సందేహమునకు కారణము అదియే.

ఆ ప్రశ్నకు సమాధానము మాలో ఎవరికిని తెలియదు. పాలసీ కాగితమును ముందు పెట్టుకొని, చట్టమును చదివి, న్యాయశాస్త్రము చదువుచున్న మిత్రులను అడిగి తెలిసికొంటిమి. మేము గ్రహించినదానిని తోటి విద్యార్థుల కొరకు ఇచ్చట వివరించుచున్నాము.

బీమాలోని రెండు భాగములు

మోటారు వాహనముల చట్టము 1988లో రూపొంది 1989 జూలై 1 నుండి అమలులోనికి వచ్చినది. దాని 146వ సెక్షను ప్రకారము థర్డ్ పార్టీ బీమా లేని బండిని రోడ్డుపై నడుపరాదు. థర్డ్ పార్టీ అనగా మన బండి వలన ప్రాణమో, అవయవమో, ఆస్తియో నష్టపోయిన ఇతరుడు. కావున ఈ బీమా మన కొరకు కాదు, ఎదుటివాని కొరకు. ఈ సంగతి మనలో పెక్కుమందికి తెలియదు.

ఈ భాగమునకు కట్టవలసిన ప్రీమియమును కంపెనీలు నిర్ణయింపవు, ప్రభుత్వమే ప్రకటించును. 2022 జూన్ 1 నుండి అమలైన రేట్ల ప్రకారము 75 సి.సి. దాటి 150 సి.సి. వరకు గల ద్విచక్ర వాహనమునకు సంవత్సరమునకు 714 రూపాయలు, 1000 సి.సి. వరకు గల సొంత కారునకు 2,094 రూపాయలు. ఇంజను పరిమాణమే ఇందులో కొలబద్ద. నడుపువాని వయస్సు గాని, అతని చలానాల సంఖ్య గాని లెక్కకు రావు. ఇరువది యేండ్ల విద్యార్థి నడిపినను, యాబది యేండ్ల అధ్యాపకుడు నడిపినను ఈ సొమ్ము ఒక్కటే.

రెండవ భాగము మన బండికి కలుగు నష్టమునకు సంబంధించినది. ఇది ఐచ్ఛికము. 2007 జనవరి 1 నుండి దీని రేట్లను కంపెనీలే నిర్ణయించుకొనుచున్నవి. బండి విలువ, దాని వయస్సు, రిజిస్టరైన ప్రాంతము, వెనుకటి క్లెయిములు ఇందులో లెక్కకు వచ్చును. కావున తండ్రిగారి ప్రశ్నకు సూటియైన జవాబు ఇది: ఆ చలానా ఒక్కదాని వలన థర్డ్ పార్టీ ప్రీమియము ఒక్క రూపాయియు పెరుగదు, క్లెయిము లేనంతవరకు సొంత నష్టపు భాగములో లభించు రాయితీయు పోదు.

అక్కడ పెరుగుటకు కారణమేమి?

అమెరికాలో పోలీసు అధికారి బండిని ఆపి, నడుపువాని లైసెన్సు చూచి, అతని పేరననే టికెట్టు వ్రాయును. అపరాధము రుజువైనచో అది ఆ వ్యక్తి డ్రైవింగు చరిత్రలో చేరును. పెక్కు రాష్ట్రములలో దానికి పాయింట్లు ఉన్నవి. పాలసీని పునరుద్ధరించు సమయమున కంపెనీ ఆ చరిత్రను తెప్పించి చూచును. కాలిఫోర్నియా ప్రజలు 1988లో ఓటు వేసి ఆమోదించిన చట్టము కారు బీమా రేటును నిర్ణయించు అంశములలో డ్రైవింగు చరిత్రకే మొదటి స్థానము ఇచ్చినది. అనుభవము తక్కువైన యువకుని ప్రీమియము అసలే ఎక్కువ. దానిపై టికెట్టు భారము కూడ పడినచో, కొన్ని సంవత్సరముల పాటు మోయవలసి వచ్చును. అందుచేతనే అక్కడి మన విద్యార్థులు టికెట్టు వచ్చినచో ట్రాఫిక్ పాఠములకు హాజరగుదురు. అర్హత గలవాడు 18 నెలలకు ఒక పర్యాయము ఆ తరగతులను పూర్తిచేసినచో, ఆ పాయింటును బీమా కంపెనీ కంటబడకుండ ఉంచు ఏర్పాటు కాలిఫోర్నియాలో కలదు.

బ్రిటనులో నియమము ఇంకను కఠినము. 1995 నాటి చట్టము ప్రకారము లైసెన్సు పొందిన మొదటి రెండు సంవత్సరములలో ఆరు పాయింట్లు వచ్చినచో లైసెన్సు రద్దగును. వేగమునకు కనీసము మూడు పాయింట్లు. అనగా రెండు తప్పులతో మరల మొదటి పరీక్షకు పోవలసినదే.

మన దేశములో కెమెరా పంపు చలానా బండి నంబరును వెదకుకొని పోవును, నడిపినవానిని కాదు. బండి తండ్రిది, తప్పు కుమారునిది, చలానా తండ్రి పేర వచ్చును. బీమా కూడ బండికే అంటిపెట్టుకొని ఉండును. నడుపువాని నడవడి ఎచ్చటను ఒకచోట కూడుట లేదు. రెండు దేశములకును గల భేదమునకు మూలము ఇదే.

ఈ లోపమును సవరించు ప్రయత్నములు జరుగకపోలేదు. 2017 ఆగస్టు 1 నుండి తెలంగాణ ప్రభుత్వము పెనాల్టీ పాయింట్ల విధానమును ప్రవేశపెట్టినది. 24 నెలలలో 12 పాయింట్లు చేరినచో లైసెన్సును ఒక సంవత్సరము నిలుపుదల చేయవలెనని అందలి నియమము. బీమా రంగమును నియంత్రించు ఐ.ఆర్.డి.ఎ.ఐ. ప్రధాన కార్యాలయము మన హైదరాబాదులోనే ఉన్నది. ఆ సంస్థ నియమించిన బృందము 2021లో తన నివేదికలో, ట్రాఫిక్ ఉల్లంఘనలకు ప్రత్యేక ప్రీమియమును చేర్చవలెననియు, దానిని ముందుగా ఢిల్లీలో ప్రయోగించి చూడవలెననియు సూచించినది. తాగి నడిపినచో 100 పాయింట్లు, తప్పు చోట నిలిపినచో 10 పాయింట్లు అని అందు లెక్క కట్టిరి. ఆ పద్ధతి దేశమంతటా అమలులోనికి రాలేదు. అయినను 2022 జూలైలో, నడుపు తీరును బట్టి ప్రీమియము నిర్ణయించు అదనపు సౌకర్యమును ఇచ్చుటకు కంపెనీలకు అనుమతి లభించినది. గాలి ఎటు వీచుచున్నదో దీనిని బట్టి గ్రహింపవచ్చును.

చలానా పెంచనిది ప్రమాదము పెంచును

అయితే వేగమునకు మన దేశములో మూల్యము లేదని తలచుట పొరపాటు. సంవత్సరము పొడవున క్లెయిము చేయనివారికి సొంత నష్టపు ప్రీమియములో 'నో క్లెయిమ్ బోనస్' అను రాయితీ లభించును. అది మొదటి సంవత్సరము తరువాత 20 శాతము. పిమ్మట వరుసగా 25, 35, 45, 50 శాతము వరకు పెరుగును. ఒక్క క్లెయిముతో అది సున్నకు దిగును.

ఒక ఉదాహరణ చూతము. సొంత నష్టపు ప్రీమియము రాయితీకి ముందు 8,000 రూపాయలని, అది మారకుండ ఉండునని అనుకొందము. 50 శాతము రాయితీ గలవాడు 4,000 మాత్రమే కట్టును. అతడు ఒక క్లెయిము చేసినచో మరుసటి పునరుద్ధరణలో 8,000 కట్టవలెను. తరువాత వరుసగా 6,400, 6,000, 5,200, 4,400. ఆ పిమ్మటనే మరల 4,000. మొత్తముపై అదనముగా కట్టినది 10,000 రూపాయలు. చట్టములో తేలికపాటి వాహనపు అతివేగమునకు 2019 సవరణ విధించిన జరిమానా 1,000 నుండి 2,000 రూపాయలు. ఏది పెద్దదో చదువరులే నిర్ణయింపవచ్చును. తలుపుకు పడిన చిన్న సొట్టకు క్లెయిము చేయుటకు ముందు ఈ లెక్క వేసికొనుట మంచిది.

నడిపినవానికి దక్కునదేమి?

పాలసీని చదువుచుండగా మమ్ము నిలువరించిన పంక్తి ఇంకొకటి ఉన్నది. యజమానియే నడుపుచు ప్రమాదమునకు గురియైనచో వర్తించు వ్యక్తిగత ప్రమాద బీమా 15 లక్షల రూపాయలు. కాని అది రిజిస్ట్రేషను పత్రములో పేరున్న యజమానికి, అతనికి లైసెన్సు ఉన్నచో మాత్రమే. మా మిత్రుడు యజమాని కాడు. పోనీ థర్డ్ పార్టీ అందుమా అన్న, తన తప్పు వలన తానే గాయపడినవాడు థర్డ్ పార్టీ కాడు. ఇతరుని మోటారు సైకిలును తెచ్చుకొని నడుపువాడు యజమాని స్థానములో ఉన్నట్లే అని 2009లో నింగమ్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పినది. కర్ణాటకలో అతివేగముగా కారు నడుపుచు అది బోల్తాపడి మరణించిన ఒకరి కుటుంబము 80 లక్షల పరిహారము కోరగా, స్వంత నిర్లక్ష్యము వలన మరణించినవాని వారసులకు కంపెనీ చెల్లింపనక్కర లేదన్న తీర్పును 2025 జూలైలో సుప్రీంకోర్టు మార్చలేదు.

తండ్రిగారు ప్రీమియము పెరుగునేమో అని భయపడిరి. ఆ రాత్రి బండి జారి ఉన్నచో, ఆ పాలసీ నుండి ఆ ఇంటికి ఒక్క రూపాయియు వచ్చి ఉండెడిది కాదు. ఈ సంగతి తెలిసిన దినమున మా మిత్రుడు చాలసేపు మాటలాడలేదు.

వెనుక కూర్చుండువాని సంగతియు వినుడు. కేవలము థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉన్న మోటారు సైకిలుపై ఉచితముగా వెనుక కూర్చుండినవానికి ఆ పాలసీ వర్తించదని 2006లో సుప్రీంకోర్టు తిలక్ సింగ్ కేసులో తీర్పు చెప్పినది. సమగ్ర పాలసీ అయినచో వర్తించును. హాస్టలు నుండి తరగతికి మిత్రుని ఎక్కించుకొని పోవువారు తమ పాలసీ ఏ రకమైనదో ఒకమారు చూచికొనవలెను.

లైసెన్సు లేనివానికి బండి ఇచ్చుట మరియొక ప్రమాదము. అట్టి సందర్భములలో గాయపడినవారికి కంపెనీ ముందు చెల్లించి, తరువాత ఆ సొమ్మును యజమాని నుండి వసూలు చేసికొనవచ్చునని 2004లో స్వరణ్ సింగ్ కేసు తీర్పు మార్గము చూపినది. మిత్రధర్మముగా తాళము ఇచ్చినవాడు లక్షల ఋణములో పడవచ్చును. నడిపినవాడు పదునెనిమిదేండ్లు నిండనివాడైనచో 2019 సవరణ ప్రకారము తండ్రికో, బండి యజమానికో మూడేండ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. ఆ బాలునికి 25 ఏండ్లు వచ్చువరకు లైసెన్సు లేదు. మన ఇంటర్మీడియట్ తమ్ముళ్లు ఈ వాక్యమును రెండుమార్లు చదువుదురు గాక.

లెక్కలకు వెలుపల

40 కిలోమీటర్ల వేగము కంటె 60 కిలోమీటర్ల వేగము ఒకటిన్నర రెట్లే. కాని బండిలోని చలనశక్తి రెండు రెట్లను మించును. 60 వేగమున బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోవును. కన్ను చూచి, కాలో చేయో బ్రేకును నొక్కుటకు ఒక సెకను పట్టినను, ఆ 17 మీటర్లు బ్రేకు పడకుండనే గడచిపోవును. విశ్వవిద్యాలయపు రోడ్లపై ఉదయము నడకకు వచ్చు వృద్ధులు, పుస్తకములతో రోడ్డు దాటు విద్యార్థినులు, జామియా ఉస్మానియా స్టేషను వైపు పరుగెత్తువారు ఆ 17 మీటర్లలోనే ఉందురు. కేంద్ర ప్రభుత్వపు నివేదిక ప్రకారము 2022లో దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. ఆ మరణములలో 71 శాతమునకు అతివేగమే కారణమని అందు చూపిరి. మృతులలో మూడింట రెండు వంతులమంది 18 నుండి 45 ఏండ్ల లోపువారే.

విద్యార్థి మిత్రులారా, మా మనవి స్వల్పమే. ఇంటికి పోయి బండి పాలసీని తీసి చూడుడు. అది ఎన్నటి వరకు ఉన్నది, థర్డ్ పార్టీ మాత్రమేనా, సమగ్రమా, యజమాని ఎవరు అను సంగతులను గమనింపుడు. గడువు దాటిన తరువాత 90 దినములలోగా పునరుద్ధరింపనిచో కూడబెట్టిన రాయితీ పోవునని మరువకుడు. తండ్రిగారి బండి నడుపువారు తమ పేర వేరుగా వ్యక్తిగత ప్రమాద బీమా తీసికొనుట ఉత్తమము. పెండింగు చలానాలను కట్టివేయుడు. పై చదువులకు విదేశములకు పోవువారు ఇక్కడి అలవాటును అక్కడకు మోసుకొని పోకుందురు గాక. అక్కడ ప్రతి టికెట్టును బీమా కంపెనీ చదువును.

మా మిత్రుని ఇంట బీమా సకాలములో కట్టిరి, ప్రీమియము పెరుగలేదు. తండ్రిగారు కుమారుని పేర వేరొక ప్రమాద బీమాను కూడ తీసికొనిరి. ఆ కాగితమును అతని చేతికి ఇచ్చుచు, "ఇది ఎప్పటికీ వాడుకోవలసిన అవసరం రాకుండా నడుపు బేటా" అనిరి. బీమ్ అనగా భయమని మొదట చెప్పితిమి. ఆ భయము ప్రీమియమును గూర్చినది కాదని మాకు ఆ దినమున తెలిసినది.