గుట్టు పంచుకునే పోటీదారులు

బీపీ మాత్రలో ఉండేది మందొక్కటే కాదు. దాని తయారీకి వాడిన రసాయనాలు, మధ్య దశల్లో పుట్టిన ఇంటర్మీడియట్లు ఎంత శుద్ధి చేసినా లేశమాత్రంగా మిగులుతాయి. చాలావరకు నిరపాయమే. కానీ డీఎన్‌ఏను దెబ్బతీసే రకం వాటిలో ఒక్కటున్నా చిక్కే. అందుకే 2014లో ఖరారైన ఐసీహెచ్ ఎం7 అనే అంతర్జాతీయ మార్గదర్శకం ఒక గీత గీసింది. ఏళ్ల తరబడి వేసుకునే మందులో అలాంటి మలినం సాధారణంగా రోజుకు 1.5 మైక్రోగ్రాములు దాటకూడదు. మైక్రోగ్రామంటే గ్రాములో పది లక్షలో వంతు. ఆ మోతాదును జీవితాంతం తీసుకున్నా లక్ష మందిలో ఒకరికి మించి అదనంగా క్యాన్సర్ రాదన్న అంచనాతో వేసిన లెక్క అది.

ఏ మలినం డీఎన్‌ఏ జోలికి పోతుందో తేల్చడానికి 1970లలో అమెరికా శాస్త్రవేత్త బ్రూస్ ఏమ్స్ రూపొందించిన పరీక్ష ఉంది. హిస్టిడిన్ అనే పోషకాన్ని సొంతంగా తయారుచేసుకోలేని సాల్మొనెల్లా బ్యాక్టీరియాకు అనుమానిత రసాయనం తగిలిస్తారు. హిస్టిడిన్ అందకపోయినా కాలనీలు విపరీతంగా మొలిస్తే బ్యాక్టీరియా జన్యువు మారిందన్నమాట. పరీక్ష మంచిదే, కానీ పరీక్షించడానికి ఆ పదార్థం చేతిలో ఉండాలి. తయారీలో అనుమానించాల్సిన మలినాల జాబితా పెద్దది. కొన్ని కాగితం మీద ఊహించినవే. వాటన్నిటినీ విడివిడిగా తయారుచేసి పరీక్షించడం ఎవరి తరమూ కాదు. అందువల్ల పరీక్షా ఫలితాలు లేని మలినాన్ని నిర్మాణాన్ని బట్టి సాఫ్ట్‌వేర్‌తో అంచనా వేయడానికి ఎం7 ఒప్పుకుంది. షరతేమిటంటే, రెండు పద్ధతులు వాడాలి. ఒకటి నిపుణుల సూత్రాల మీద, రెండోది గణాంకాల మీద నడవాలి.

ఇంగ్లండ్‌లోని లీడ్స్ కేంద్రంగా పనిచేసే లాసా లిమిటెడ్ దగ్గర ఈ రెండూ ఉన్నాయి: సూత్రాలకు డెరెక్, గణాంకాలకు సారా. 1983లో మొదలైన ఈ సంస్థ లాభాపేక్ష లేనిది, విద్యాసేవా సంస్థగా నమోదైనది. మొదట్లో దీని పని విషప్రభావాల గురించి కాదు. అణువుల్ని ఎలా నిర్మించాలో సూచించే ప్రోగ్రామ్‌ను హార్వర్డ్‌లో ఇ.జె. కోరీ బృందం తయారుచేస్తే, దాన్ని ముందుకు తీసుకెళ్లడానికి పుట్టింది. ఆ కోరీకే 1990లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది.

డెరెక్ పనితీరు జాతకంలో కుజదోషం చూడటాన్ని తలపిస్తుంది. అణువులో ఫలానా అమరిక కనిపిస్తే దోషం, ఫలానాది పక్కనే ఉంటే పరిహారం. ఉదాహరణకు బెంజీన్ వలయానికి అతుక్కున్న అమైన్ సమూహం కనబడగానే హెచ్చరిక వస్తుంది. శరీరంలోని ఎంజైములు దాన్ని డీఎన్‌ఏకు అతుక్కునే రూపంలోకి మార్చగలవు. అదే వలయం మీద సల్ఫోనిక్ ఆమ్ల సమూహం కూడా ఉంటే ప్రమాదం సాధారణంగా తగ్గిపోతుంది. సిద్ధాంతికీ డెరెక్‌కూ తేడా ఎక్కడంటే, డెరెక్ ప్రతి సూత్రం కిందా ప్రయోగ ఫలితాలనూ కారణాన్నీ చూపిస్తుంది. ‘సాధ్యం’, ‘సందేహాస్పదం’ వంటి మెట్లలో మాట్లాడుతుందే తప్ప తీర్పు చెప్పదు. ఆ పని నిపుణుడిదే. హెచ్చరిక వస్తే ఆ మలినాన్ని గీత లోపల ఉంచాలి, లేదా ఏమ్స్ పరీక్ష చేసి నిర్దోషి అని నిరూపించాలి. రెండు పద్ధతుల్లోనూ ఏమీ తేలకపోతే మామూలు మలినంగానే చూస్తారు. సాఫ్ట్‌వేర్‌కు అలవాటు లేని అమరికతో వచ్చిన అణువు దగ్గర మాత్రం ఈ ‘ఏమీ తేలలేదు’ను నేనైతే అంత తేలిగ్గా తీసుకోను.

సూత్రాలు గట్టిపడాలంటే పరీక్షా ఫలితాలు కావాలి, అవేమో కంపెనీల బీరువాల్లో ఉంటాయి. ఏ ఇంటర్మీడియట్‌ను పరీక్షించారో బయటపడితే ఏ మందు, ఏ దారిలో చేస్తున్నారో పోటీదారు పసిగట్టగలడు. కాబట్టి మధ్యలో ఎవరికీ పోటీ కాని మనిషి కావాలి. లాసా ఆ పాత్ర పోషిస్తోంది. కంపెనీలు ఇచ్చిన ఫలితాల్ని కలిపి, ఇచ్చినవాళ్ల మధ్య పంచుతుంది. ఒకరు చేసిన పరీక్ష మరొకరు మళ్లీ చేయనక్కర్లేదు. లాభాపేక్ష లేకపోవడం ఇక్కడ దానగుణం కంటే ఎక్కువగా వృత్తి అవసరమని నా అభిప్రాయం. అయితే సభ్యత్వం ఉచితం కాదు, పంచుకున్న సమాచారంలో చాలా భాగం సభ్యులకే పరిమితం. క్యాన్సర్ ప్రయోగాల పాత బర్క్‌లీ డేటాబేస్‌ను మాత్రం అందరికీ ఉచితంగా అందిస్తోంది.

ఈ పంపకం విలువ 2018లో వాల్సార్టన్ అనే బీపీ మందు మాత్రల్లో నైట్రోసమైన్ల రకానికి చెందిన ఎన్‌డీఎంఏ అనే మలినం బయటపడ్డాక బాగా తెలిసింది. చైనాలో మొదలైన వివాదం వెంటనే హైదరాబాద్ బల్క్ డ్రగ్ పరిశ్రమనూ తాకింది. ఎన్‌డీఎంఏకు పరిమితి రోజుకు 96 నానోగ్రాములు, అంటే పైన చెప్పిన 1.5 మైక్రోగ్రాముల గీతలో పదిహేనో వంతు కంటే తక్కువ. ఆ తర్వాత ఎన్నో మందుల్లో, మందు అణువు నుంచే పుట్టే కొత్త నైట్రోసమైన్లు కనిపించాయి. వాటి మీద ప్రయోగాలు అరుదు. 2023 నుంచి యూరప్ ఔషధ నియంత్రణ సంస్థ నిర్మాణాన్ని బట్టి వాటిని తరగతులుగా విడదీస్తోంది. అతి ప్రమాదకర తరగతికి రోజుకు 18 నానోగ్రాములు, అడుగు తరగతికి 1500. దాదాపు ఎనభై రెట్ల తేడా. 18 దగ్గర ఆగిపోయిన తయారీదారుకు ఎక్కడో ఇంకో కంపెనీ దగ్గర పడి ఉన్న దగ్గరి పోలిక గల అణువు ఫలితం దొరికితే, పరిమితి సడలించమని ఆధారంతో అడగవచ్చు. దొరక్కపోతే తయారీ దారినే మార్చుకోవాలి, లేదా ఆ మందు తయారీ మానుకోవాలి.