పాత కారుకి కొత్త ఇంజెక్షను: పెట్టెలో రాని సంగతులు

ఆదివారం పొద్దున కాఫీ తాగి కారు షెడ్డులోకి వెళ్ళిన మనిషి నాలుగుసార్లు పిలిస్తే గానీ భోజనానికి రావడం లేదా? వచ్చినా చేతుల నిండా గ్రీజు, చొక్కా నిండా పెట్రోలు వాసన, నోట "ఇంకొక్క పైపు బిగిస్తే అయిపోతుంది" అన్న మాటేనా? అయితే మీ ఇంట్లో పాత కారు సరదా అడుగుపెట్టిందన్నమాటే!

అమెరికాలో 1960, 70ల నాటి ముస్టాంగో, కెమేరోనో కొని ఇంట్లోనే బాగుచేసుకోవడం చాలామందికి ఇష్టమైన వ్యాపకం. అక్కడ స్థిరపడిన మనవాళ్ళ పిల్లల్లోనూ కొందరికి ఈ సరదా అంటుకుంటుంది. అబ్బాయే కానక్కర్లేదు, అమ్మాయికైనా అంటుకోవచ్చు. ఆ పని కొంతదూరం వచ్చాక ఒకరోజు ఈ మాట రానే వస్తుంది. "అమ్మా, కార్బురేటరు తీసేసి ఎలక్ట్రానిక్ ఫ్యూయల్ ఇంజెక్షను పెడతాను. వెయ్యి డాలర్ల పైమాటే అవుతుంది."

ఇవ్వాలా, వద్దా? అది మీ ఇంటి లెక్క. కానీ ఇచ్చేముందు ఒక్క ప్రశ్న అడగండి. "ఆ పెట్టెలో ఏమేం వస్తాయి?" అని కాదు, "ఆ పెట్టెలో ఏమేం రావు?" అని. ఖర్చయినా, ప్రమాదమైనా ఎక్కువగా ఉండేది ఆ రాని వాటిలోనే.

ఎసరు లెక్క తెలిస్తే ఇదీ తెలిసినట్టే

పెట్రోలు ఒక్కటే మండదు, గాలి కలవాలి. అదీ కొలత ప్రకారం కలవాలి. ఒక పాలు పెట్రోలుకి తూకంలో 14.7 పాళ్ళ గాలి ఉంటే పూర్తిగా మండుతుంది. బండి జోరుగా లాగాల్సి వచ్చినప్పుడు పెట్రోలు కాస్త ఎక్కువ కావాలి. అప్పుడు గాలి పన్నెండున్నర, పదమూడు పాళ్ళు చాలు.

మనం అన్నం వండేటప్పుడు చేసేదీ ఇదే కదా! పాత బియ్యానికి ఒక ఎసరు, కొత్త బియ్యానికి ఒక ఎసరు. కార్బురేటరు ఒకే గ్లాసుతో నీళ్ళు కొలిచే వంటమనిషి లాంటిది. దానిలోని సన్నటి రంధ్రాలు ఎంత ఉంటే అంతే పెట్రోలు వస్తుంది. చలికాలం, ఎండాకాలం, కొండ ఎక్కినప్పుడు, దిగినప్పుడు దాని కొలత సరిగ్గా కుదరదు. అందుకే పొద్దున్నే స్టార్టు కాదు, నల్లపొగ వదులుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది.

ఇంజెక్షనులో ఒక చిన్న కంప్యూటరు ఉంటుంది. ఇంజను ఎంత వేడిగా ఉంది, ఎంత వేగంగా తిరుగుతోంది, పెడలు ఎంత తొక్కారు అని సెన్సరుల ద్వారా తెలుసుకుని ఇంజెక్టరు అనే బుల్లి కుళాయిని సెకనులో వెయ్యో వంతు లెక్కన తెరిచి మూస్తుంది. పొగ గొట్టంలో ఇంకో సెన్సరు మిగిలిన ఆక్సిజను ఎంతో చూసి "ఎక్కువైంది, తక్కువైంది" అని చెబుతూ ఉంటుంది. అంటే రుచి చూసి ఉప్పు సవరించే వంటమనిషన్నమాట!

ఈ ఆలోచన కొత్తదేం కాదు. అమెరికాలో బెండిక్స్ కంపెనీ తయారుచేసిన ఎలక్ట్రానిక్ ఇంజెక్షనుని క్రైస్లర్ వాళ్ళు 1958 మోడల్ కార్లలో పెట్టారు. అమ్ముడైనవి ముప్పై అయిదు దాకా మాత్రమే. అప్పటి ఎలక్ట్రానిక్సు వేడికీ తేమకీ తట్టుకోలేక, చాలా కార్లకు తిరిగి కార్బురేటర్లే బిగించారు. ఆ పేటెంట్లు జర్మనీలోని బాష్ కంపెనీకి చేరాయి. 1967లో బాష్ దాన్ని బాగుచేసి ఫోక్స్‌వాగన్ కార్లలో నిలబెట్టింది. పొగ గొట్టంలో రుచి చూసే సెన్సరు 1976లో వోల్వో కార్లతో వచ్చింది. మన దగ్గర మారుతి 800కి ఇంజెక్షను అమరింది 2000 ప్రాంతంలో. ఇప్పుడు పాత కార్లకు విడిగా బిగించుకునే సెట్లను హోలీ, ఫిటెక్ వంటి కంపెనీలు అమ్ముతున్నాయి. కార్బురేటరు ఉన్నచోటే అదే బోల్టులతో కూర్చుంటాయి కాబట్టి చూడ్డానికి అరపూట పనిలా కనిపిస్తుంది. అసలు కథ తర్వాత మొదలవుతుంది.

ముందు ఇంజనుకి వైద్యం

ఇంజెక్షను పెడితే ముసలి ఇంజను పడుచుది అయిపోదు. అరిగిన పిస్టను రింగులు, గాలి లాగేసే పాత రబ్బరు గొట్టాలు, తప్పు ఇగ్నిషను టైమింగు ఇవన్నీ అలాగే ఉంచి కొత్త సెట్టు బిగిస్తే కంప్యూటరు తికమకపడి తప్పుడు కొలతలు నేర్చుకుంటుంది. పిండి పులవకుండా కొత్త పెనం కొన్నంత మాత్రాన దోసె బాగా రాదు కదా! కంప్రెషను చూశావా, గాలి లీకులు చూశావా, టైమింగు సరిచేశావా అని అడగండి. ఈ మూడూ చూశాక, కార్బురేటరుతోనే బండి చక్కగా నడుస్తోందంటే మీ వెయ్యి డాలర్లు మిగిలినట్టే!

పెట్రోలు దారి: ఇక్కడ పీనాసితనం వద్దు

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇది. కార్బురేటరుకి పెట్రోలు మెల్లగా వస్తే చాలు. చదరపు అంగుళానికి అయిదారు పౌండ్ల ఒత్తిడి సరిపోతుంది. ఇంజెక్షనుకి కావలసింది 40 నుంచి 60 పౌండ్లు, అంటే దాదాపు పదింతలు. పాత పంపు పనికిరాదు, పాత రబ్బరు గొట్టం అసలు పనికిరాదు. సన్నటి పగులు ఉన్నా పెట్రోలు వేడి ఇంజను మీదికి చిమ్ముతుంది. కార్లు కాలిపోయేది అలాగే.

గ్యాసు పొయ్యికి తోటలో నీళ్ళు పెట్టే గొట్టం తొడుగుతామా? ఇదీ అంతే. ఇంజెక్షనుకి పనికివచ్చే గొట్టం మీద "ఎస్.ఏ.ఇ. 30ఆర్9" అని అచ్చు వేసి ఉంటుంది. "30ఆర్7" అని ఉంటే అది కార్బురేటరు రకం, ఇంజెక్షనుకి వాడకూడదు. ట్యాంకు లోపల పెట్రోల్లో మునిగి ఉండే ముక్క "30ఆర్10" అయి ఉండాలి. క్లిప్పులు కూడా అంచులు మడిచిన ఇంజెక్షను రకమే వాడాలి. గాట్లు ఉన్న మామూలు క్లిప్పులు గొట్టాన్ని కోసేస్తాయి. చదవడం వచ్చిన ప్రతి ఇల్లాలూ టార్చిలైటు వేసి ఈ అక్షరాలు చూడవచ్చు. చూడండి, మొహమాటపడకండి.

పంపు ట్యాంకు లోపల ఉంటే చల్లగా ఉంటుంది, చప్పుడు తక్కువ, ఎక్కువకాలం మన్నుతుంది. మిగిలిన పెట్రోలు ట్యాంకుకి తిరిగి వెళ్ళే ఇంకో గొట్టం చాలా సెట్లకు కావాలి. ఇవేవీ చవకరకం పెట్టెల్లో రావు.

మొదటిసారి పెట్రోలు ఎక్కించేటప్పుడు ఇంజను స్టార్టు చెయ్యకూడదు. తాళం తిప్పితే పంపు కొన్ని క్షణాలు బుర్రుమని ఆగిపోతుంది. అలా రెండుమూడుసార్లు చేసి, ప్రతి అతుకునూ పేపరు రుమాలుతో తుడిచి తడి ఉందేమో చూడాలి. ఇంకో సంగతి. ఇంజను తిరగకుండా తాళం మాత్రం వేసి ఉంచినప్పుడు పంపు ఆగకుండా నడుస్తూనే ఉంటే వైరింగు తప్పని అర్థం. ప్రమాదం జరిగి ఇంజను ఆగినప్పుడు పంపు తనంతట తాను ఆగిపోవాలి. అదే ప్రాణాలు కాపాడేది.

కరెంటు సంగతి

మిక్సీ వేస్తే పాత టీవీలో గీతలు వచ్చేవి, గుర్తుందా? స్పార్కు ప్లగ్గు వైర్ల పక్కనుంచి సెన్సరు వైర్లు తీసుకెళితే కంప్యూటరుకి అచ్చం అలాగే అవుతుంది. లేని సంకేతాలు కనిపించి బండి ఆగిపోతుంది. అందుకే ఆ రెండు రకాల వైర్లూ దూరదూరంగా ఉండాలి. కంప్యూటరు పెద్ద వైర్లు రెండూ నేరుగా బ్యాటరీకి వెళ్ళాలి. పంపుకి విడిగా ఫ్యూజు, రిలే ఉండాలి. ఇంజను స్టార్టు అయ్యేదాకా తిప్పుతున్నప్పుడు కూడా ఇగ్నిషను వైరులో కరెంటు ఉండాలి. చాలా పాత కార్లలో కొన్ని వైర్లకు ఆ క్షణంలో కరెంటు పోతుంది. "తాళం తిప్పుతుంటే రాదు, వదలగానే దగ్గుతుంది" అని పిల్లవాడు తల పట్టుకుంటే ముందు ఇది చూడమనండి.

ట్యూనింగు: రోజుకి ఒక్కసారే వచ్చే అవకాశం

ఇప్పటి సెట్లు వాటంతట అవే నేర్చుకుంటాయని ప్రకటనల్లో చెబుతారు. నిజమే, కానీ సగమే నిజం. ఇంజను బాగా వేడెక్కాకే అవి నేర్చుకోవడం మొదలుపెడతాయి. వేడి బండి నిదానంగా, జోరుగా, ఎత్తులో, పల్లంలో ఎలా నడవాలో నాలుగు రోజులు తిప్పితే చాలావరకు పట్టుబడుతుంది.

చల్లటి ఇంజనుకి ఎంత పెట్రోలు అదనంగా ఇవ్వాలి, స్టార్టయిన వెంటనే ఎంతకాలం ఇవ్వాలి అన్నది మాత్రం మనిషే సరిచెయ్యాలి. ఒకసారి స్టార్టు చేస్తే ఇంజను వేడెక్కిపోతుంది. మళ్ళీ పూర్తిగా చల్లారాలంటే రాత్రంతా ఆగాలి. అంటే రోజుకి ఒక్క ప్రయత్నమే. "అమ్మా, పొద్దున నేను లేచేదాకా కారు కదపొద్దు" అని బతిమాలేది అందుకే. అలా వారాలు పడుతుంది. దాన్ని సోమరితనం అనుకోకండి.

పొగ గొట్టంలో ఎక్కడైనా లీకు ఉంటే బయటి గాలి లోపలికి చేరి సెన్సరుని మోసం చేస్తుంది. జలుబు చేసిన నాలుకతో ఉప్పు చూసినట్టే! పెట్రోలు చాలడం లేదనుకుని కంప్యూటరు ఇంకా ఇంకా పోస్తుంది. అలా పోసిన పెట్రోలు సిలిండరు గోడల మీది ఆయిలుని కడిగేస్తుంది. డిప్‌స్టిక్కుకి పెట్రోలు వాసన వస్తే బండి ఆపించి ఆయిలు మార్పించండి. పెట్రోలు మరీ తక్కువైనా నష్టమే. జోరు మీద పిస్టన్లు కాలిపోతాయి.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. బండి నడుపుతూ ల్యాప్‌టాప్ చూడకూడదు. నడిపేవారు ఒకరు, అంకెలు చూసేవారు ఒకరు. ఆ రెండో మనిషి మీరే ఎందుకు కాకూడదు? పక్క సీట్లో కూర్చుని ఎక్కడ దగ్గింది, అప్పుడు అంకె ఎంత అని కాగితం మీద రాయండి. వంటింట్లో కొలతలు కనిపెట్టే కళ్ళకి ఇదొక లెక్కా!

ఇంటి జాగ్రత్తలు

• పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేల వెంబడే పాకుతుంది. అమెరికా ఇళ్ళలో గ్యాసు గీజరు కారు షెడ్డులోనే ఉంటే దాని మంట ఆ ఆవిరికి నిప్పంటించగలదు. ట్యాంకు, పైపుల పని తలుపులు తీసి లేదా ఆరుబయట చెయ్యాలి. బ్యాటరీ నెగెటివ్ వైరు ముందే విప్పాలి.

• తలుపు మూసిన షెడ్డులో ఒక్క నిమిషం కూడా ఇంజను నడపనివ్వకండి. పొగలోని కార్బన్ మోనాక్సైడుకి రంగూ వాసనా లేవు. ఇంట్లో దాని అలారం ఉండాలి.

• పెట్రోలు మంట మీద నీళ్ళు పోయకూడదు. పొడి రకం అగ్నిమాపక సిలిండరు తలుపు దగ్గర ఉంచండి.

• పెట్రోలు పడ్డ బట్టలు వెంటనే వాషింగ్ మెషిన్లో వెయ్యకండి. బయట తీగ మీద వాసన పోయేదాకా ఆరనివ్వండి. వంటసోడా చల్లితే వాసన తగ్గుతుంది. తర్వాత విడిగా ఉతకండి. వాసన మిగిలి ఉంటే డ్రయ్యరులో ససేమిరా వెయ్యకూడదు.

చట్టం మాటేమిటి?

కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు మోడల్ పెట్రోలు కార్లకు పొగ పరీక్ష లేదు. ఆ తర్వాతి కార్లకు మాత్రం అక్కడి అనుమతి నంబరు ఉన్న సెట్టే కొనాలి. తక్కిన రాష్ట్రాల్లో నియమాలు వేరువేరు. కొనేముందే కనుక్కోండి.

మన ఊళ్ళో తాతగారి పద్మినికో, అంబాసిడరుకో ఇలాంటి ముచ్చట తలపెడితే ఇంకో సంగతి ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను కాగితంలోని వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. ముందు ఆర్టీఓ ఆఫీసులో అడగాలి. 2021 నిబంధనల్లో యాభై ఏళ్ళు దాటిన కార్లకు వింటేజి గుర్తింపు ఉంది, కానీ అది అసలు రూపంలో ఉన్న బండికే. ఇంజను మారిస్తే ఆ గౌరవం చేజారవచ్చు. తీసిన కార్బురేటరుని పాత సామాన్లవాడికి వెయ్యకుండా గుడ్డలో చుట్టి దాచడం మంచిది.

చివరగా డబ్బు సంగతి. పెట్టె ధరకి కనీసం సగం అదనంగా పక్కన పెట్టండి. పంపు, గొట్టాలు, ట్యాంకు, వైర్లకు అది కావాలి. అంత లేదంటే "ఆరు నెలలు ఆగు నాన్నా, అన్నీ ఒకేసారి కొందాం" అని చెప్పండి. పాత గొట్టంతో ఇవాళ నడిచే బండి కన్నా, ఆరు నెలల తర్వాత క్షేమంగా ఇంటికి తిరిగొచ్చే బండే మనకు ముద్దు.