కుక్క మొరుగుడు: కొట్టకుండా తగ్గించే దారులు



మా ఊరి పేరు ఒక కుక్కజాతికి కూడా పేరు. రాజపాళయం కుక్క అంటే పాలతెలుపు ఒళ్లు, గులాబిరంగు ముక్కు, సన్నని నడుము, పొడవాటి కాళ్లు. 2005లో తపాలా శాఖ మన దేశపు కుక్కజాతుల మీద నాలుగు బిళ్లలు విడుదల చేస్తే, వాటిలో ఒకటి దీనిది. వేటకూ కాపలాకూ పెంచిన జాతి. యజమానిని నమ్మినట్టు మరొకరిని నమ్మదు. ఇంతవరకూ మేము గర్వంగానే చెప్పుకుంటాం.

పడమటి కనుమల దిగువన తోటల్లో పరుగెత్తవలసిన ఆ కుక్కను వీధి గేటు పక్కన అయిదడుగుల గొలుసుతో కట్టేస్తే ఏమవుతుంది? పగలూ రాత్రీ మొరుగుతుంది. మిల్లులో రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకునేవారికి కునుకు పట్టదు. పక్కింటివారు మొదట మంచిగా చెబుతారు, తరువాత పలకరింపులు మానేస్తారు. చివరికి ఎవరో అన్నంలో విషం కలిపి పెట్టేదాకా పోవచ్చు. అందుకే ఇది చిన్న విషయమని నేననుకోను.

కుక్క ఊరికే మొరగదు. గేటు ముందునుంచి పోస్ట్‌మాన్ వెళుతున్నాడనుకోండి. కుక్క మొరుగుతుంది, అతను వెళ్లిపోతాడు. ఉత్తరం ఇచ్చాడు కనుక వెళ్లాడని మనకు తెలుసు. కుక్క లెక్కలో మాత్రం తాను తరిమింది కనుక వెళ్లాడు! రోజుకు ఇరవైమంది అలా వెళితే, ఇరవైసార్లు గెలిచినట్టే. ఇలా గెలుస్తున్న అలవాటును తిట్లతో మాన్పించలేం. పైగా మనం లోపలినుంచి గట్టిగా అరిస్తే, ఇంటివాళ్లు కూడా తనకు తోడుగా మొరుగుతున్నారని అనుకుంటుంది. గోలచేసే తరగతిని తానూ అరిచి ఆపబోయిన ఉపాధ్యాయులకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

కాబట్టి మొదటి పని, ఆ గెలుపును దూరం చేయడం. గేటు ఊచలకు లోపలివైపు రేకో తడికో కట్టండి. కుక్క ఉండేచోటును పెరటివైపుకు మార్చండి. వీధి కనబడకపోతే సగం మొరుగుడు అక్కడే తగ్గవచ్చు.

రెండవది నేర్పడం. ఇంట్లో ఒకరు కుక్క దగ్గర కూర్చోవాలి, తెలిసిన మరొకరు వీధిలో దూరంగా నడవాలి. కుక్క అతన్ని చూసి, ఇంకా నోరు విప్పకముందే ఉడికించిన గుడ్డు ముక్క ఒకటి అందించాలి. రోజూ పదినిమిషాలు చాలు. దూరం కొద్దికొద్దిగా తగ్గించాలి. మొరిగిందంటే మనం తొందరపడ్డామని అర్థం, మరికాస్త దూరంనుంచి మొదలుపెట్టాలి. కొన్ని వారాలకు, మనిషి కనబడగానే వీధివైపు కాక మీవైపు చూస్తుంది.

తిండికోసమో, మనం పలకరించాలనో మొరిగే కుక్కకు మందు వేరు. మొరిగినంతసేపూ చూడకూడదు, మాట్లాడకూడదు. ఆగిన రెండు క్షణాలకు పలకరించాలి. ఇందులో ఒక చిక్కుంది. మొదటి కొద్దిరోజులు మొరుగుడు తగ్గకపోగా పెరుగుతుంది. పాత ఉపాయం పారలేదు కనుక ఇంకా గట్టిగా ప్రయత్నిస్తుందన్నమాట. అప్పుడు అమ్మమ్మగారు జాలిపడి చాటుగా ఇడ్లీ ముక్క వేశారో, ఎంతసేపు మొరిగితే ఇడ్లీ వస్తుందో దానికి తెలిసిపోయినట్టే! ఇంటిల్లిపాదీ ఒకే మాటమీద ఉండాలి.

ఇవన్నీ చేసినా, కాళ్లకు పనిలేని కుక్క మొరగక మానదు. ఎండ ఎక్కకముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి దాన్ని తిప్పాలి. వీలైతే గోడ ఉన్న తోటలో పరుగెత్తనివ్వాలి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, మరీ పొట్టి గొలుసుతో ఎక్కువసేపు కట్టివేయడమూ, ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కకు తగిన వ్యాయామం ఇవ్వకపోవడమూ నేరాలే. ఈ సంగతి కుక్కలు పెంచేవారిలో చాలామందికి తెలియదు.

కొందరు మూతికి తాడు బిగించి కడతారు. అది ప్రాణాంతకం. మనలా ఒళ్లంతా చెమట పట్టదు కనుక, కుక్క నోరు తెరిచి రొప్పుతూనే ఒంటివేడి తగ్గించుకుంటుంది. మా వైపు చిత్తిరై ఎండలో నోరు కట్టేస్తే వడదెబ్బే. మొరిగినప్పుడల్లా కరెంటు షాకిచ్చే పట్టీలు కూడా వద్దు. వాటిని వేల్స్ దేశం 2010లోనే నిషేధించింది. షాకు తగిలిన క్షణంలో ఎదురుగా ఏ పిల్లవాడైనా ఉంటే, ఆ నొప్పి వాడివల్లే కలిగిందని కుక్క అనుకోవచ్చు.

రాజపాళయం కుక్కల విషయంలో ప్రత్యేకంగా చూడవలసింది చెవులు. ఒళ్లంతా తెల్లగా ఉండే జాతుల్లో పుట్టుచెవుడు ఎక్కువ. చర్మానికి రంగునిచ్చే కణాలే లోపలిచెవికీ అవసరం. అక్కడ అవి లేకపోతే, పుట్టిన కొద్దివారాలకే వినికిడి పోతుంది. వినబడని కుక్కను "ఊరుకో" అని ఎంత గదిమితే ఏం లాభం? అది నిద్రపోతున్నప్పుడు వెనకనుంచి గిన్నె మోగించి చూడండి. చెవి కదలకపోతే పశువైద్యుడికి చూపించండి. ఒక్క చెవే వినబడితే మాత్రం ఈ పరీక్షలో తెలియదు. చెవిటి కుక్కకు అన్నీ చేతిసైగలతో నేర్పవచ్చు, చక్కగా నేర్చుకుంటుంది. నిద్రలో ఉన్నదాన్ని మీదచెయ్యి వేసి లేపకండి, ఉలిక్కిపడి కరవవచ్చు. పక్కన నేలమీద కాలితో తట్టితే ఆ అదురుకు తనే లేస్తుంది.